నల్ల గొర్రె కోసం ఇచ్చిన పుస్తకం

వికారాబాద్ లైబ్రరీలో నాకు శాలువా కప్పిన రోజు ఎండ బాగా కాసింది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి నా కుర్చీ దాకా రావడం లేదు. మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి నా గురించి చెబుతున్నాడు. ఈమె వయసు మీరాక అక్షరాలు నేర్చుకుందట. అయినా అక్షరం విలువ మనందరికంటే బాగా తెలిసిన మనిషట. పాత పుస్తకాల వ్యాపారంలో ఉండి కూడా, మంచి ధర పలికే చేతిరాత పుస్తకాన్ని రాబోయే తరాల కోసం ఉచితంగా ఇచ్చిందట. ఆయన "అట" అనలేదు, నేనే అంటున్నాను. అక్కడ కూర్చుని వింటుంటే అది ఇంకెవరో ఆడమనిషి సంగతిలా ఉంది. ఎవరో మంచి మనిషిలా ఉంది, ఒకసారి చూస్తే బాగుండు అనుకున్నాను.

తల వంచుకుని కూర్చున్నాను. అందరూ వినయం అనుకున్నారు. పక్కన మా కోడలు నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముఖం చూస్తే నాకూ నవ్వొస్తుందని తల వంచాను, అంతే. చివరికి మైకు నా చేతికి ఇచ్చారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. "అందరికి నమస్తే" అని తిరిగి ఇచ్చేశాను.

నిజం ఏమిటంటే, ఆ పుస్తకాన్ని నేను రాబోయే తరాల కోసం ఇవ్వలేదు. ఒక గొర్రె కోసం ఇచ్చాను. ఆ గొర్రె నాది కూడా కాదు. అది ఈ లోకం విడిచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు.

మాది గొర్రెలు కాసిన ఇల్లు, మర్పల్లి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక తాండూరు వచ్చాను. మా ఆయన బండల పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవాడు. ఆ దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకున్నాక పని మానేసి, పాత కాగితాలు, పుస్తకాలు తూకానికి కొనే దుకాణం పెట్టాడు. ఆయన పోయాక కాంటా నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. కాగితాన్ని తూయడానికి అక్షరాలతో పనేముంది.

కానీ హైదరాబాద్ నుంచి, గుల్బర్గా వైపు నుంచి కొందరు సార్లు వచ్చి ఆ కుప్పల్లో వెతికేవాళ్ళు. తూకానికి కొన్న దాన్ని విడిగా, ఎక్కువ ధరకు అమ్మొచ్చని వాళ్ళను చూసే నేర్చుకున్నాను. ఏ పుస్తకం విలువైందో నాకెలా తెలుస్తుంది? పుస్తకాన్ని చూసేదాన్ని కాదు, సారు వేళ్ళను చూసేదాన్ని. నిజంగా కావలసిన పుస్తకం దొరికిందంటే ఆ మనిషి దాన్ని వెంటనే కింద పెట్టేస్తాడు. పైన ఇంకో పుస్తకం పెట్టి కప్పుతాడు. తర్వాత అక్కర్లేని మూడింటి ధర అడుగుతాడు. నాలుగోసారి, పోతూ పోతూ, ఆవలిస్తూ అడుగుతాడు చూడండి, అదే. ఆ ఆవలింతకు నేను ధర కట్టేదాన్ని.

ధర చెప్పే ముందు ఒక పద్ధతి పాటించేదాన్ని. పుస్తకం తెరిచి నాలుగు పేజీలు మెల్లగా తిప్పి, ఒకచోట ఆగి, నిట్టూర్చి, "గిది మళ్ళ దొర్కది సారూ" అనేదాన్ని. ఒకసారి తోలు అట్ట వేసిన లావు పుస్తకానికి అట్లాగే నిట్టూర్చాను. ఆ సారు చేతిలోకి తీసుకుని, "నిజమేనమ్మా, దీంట్లో ఉన్న రైళ్ళేవీ ఇప్పుడు నడవడం లేదు" అన్నాడు. అది రైళ్ళ టైముల పుస్తకం. అయినా కొన్నాడు. నా నిట్టూర్పు మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది.

ఈ నాటకం ఇరవై ఏళ్ళు నడిచింది. మా కోడలు వచ్చిన నెలలోనే బయటపడిపోయింది. ఆమె డిగ్రీ దాకా చదువుకుంది. ఒకరోజు దుకాణంలో నా పక్కన కూర్చుని చాలాసేపు నన్నే చూసింది.

"అత్తమ్మా, నీకు చదువు రాదా?"

"ఎందుకు రాదు? వస్తది. కండ్లద్దాలు లెవ్వు."

మర్నాడే నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు అక్షరాల పట్టీ చూపిస్తే నేను చెప్పలేకపోయాను. ఆయన ఇంకో అద్దం వేశాడు, ఇంకోటి వేశాడు. ఆ పూట అక్కడున్న అద్దాలన్నీ అయిపోయాయి. కోడలు నా చెవి దగ్గరికి వంగి, "ఇగ చాలు అత్తమ్మా, డాక్టర్ పరేషాన్ అయితుండు" అంది.

అట్లా యాభై ఆరేళ్ళకు నేను బడిలో పడ్డాను. పలక కొనలేదు. మా ఇంటి ముందు అరుగు తాండూరు బండదే, దాని మీద సుద్దముక్కతో రాయించింది. పోయే వాళ్ళు, వచ్చే వాళ్ళు చూసేవాళ్ళు. లోపల రాసుకుంటానంటే ఒప్పుకోలేదు. "సిగ్గు ముందుగాల పోవాలె, అక్షరం ఎన్క వస్తది" అనేది. అన్నింటికీ కసి తీర్చుకుంది. "నిన్న పప్పుల ఉప్పెక్కువైందన్నవు గద, గియ్యాల 'ఝ' ఇరవై సార్లు రాయి" అనేది. ఆ అక్షరం నాకు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పనికి రాలేదు. కానీ ఉప్పు మాట మళ్ళీ ఎత్తలేదు.

చదవడం వచ్చాక వ్యాపారం పెరుగుతుందని అందరూ అన్నారు. తగ్గింది. సారు పుస్తకం తీసి కింద పెట్టి, ఇంకోటి పైన కప్పి, మూడింటి ధర అడిగి, ఆవలించి వెళ్ళిపోయేవాడు. నేను ఒక పక్కన కూర్చుని ఏదో పుస్తకం అట్ట మీద పేరు కూడబలుక్కుంటూ ఉండేదాన్ని. తల ఎత్తేసరికి మంచి పుస్తకం మామూలు ధరకు పోయి ఉండేది.

ఆ చేతిరాత పుస్తకం నా దగ్గరికి వచ్చింది మాత్రం చదువు రాకముందు. మర్పల్లి వైపు ఒక పాత ఇల్లు కూలుస్తుంటే అందులోని కాగితాలు గోనెసంచుల్లో అమ్మారు. ఒక సంచిలో గొంగడి ముక్కలో చుట్టిన పొడుగాటి పుస్తకం ఉంది. నేను దాచుకున్నది గొంగడి ముక్కను. ముక్కుకు దగ్గర పెట్టుకుంటే మా పుట్టింటి దొడ్డి వాసన వచ్చేది. పుస్తకం దాంతోపాటు ఉండిపోయింది.

అక్షరాలు వచ్చాక ఒకరోజు దాన్ని తెరిచాను. పాత కాగితాల్లో గొలుసులా కలిపి రాసిన రాత ఉంటుంది, అది నాకు ఇప్పటికీ రాదు. ఇది అట్లా లేదు. నల్లటి సిరాతో పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటి విడివిడిగా, ఒకటి లావు ఒకటి సన్నం. నేను అరుగు మీద రాసినట్టే ఉంది. రాసినాయన కూడా ఆలస్యంగా నేర్చుకున్నవాడే, అక్షరం అక్షరానికీ ఊపిరి బిగబట్టినవాడే అని చూడగానే తెలిసింది. పేరు ఎక్కడా రాసుకోలేదు. మొదటి పేజీలో ఇట్లా ఉంది: "పొద్దుగాల మబ్బు. గుట్ట కిందికి తోలిన. నూట పన్నెండు."

ఆయన గొర్రెల కాపరి. ఏ రోజు ఎక్కడ మేపాడు, నీళ్ళు ఎక్కడ దొరికాయి, మందలో ఎన్ని ఉన్నాయి, ఏది కుంటింది, అదీ రాత. మర్పల్లి నుంచి అనంతగిరి గుట్టల కిందుగా, అక్కడి నుంచి కాగ్నా వాగు పట్టుకుని తాండూరు వైపు నడిచాడు. ఆ దారులు నాకు తెలుసు. చిన్నప్పుడు నడిచినవే. నేను రోజుకు అర పేజీ, బాగా సాగిన రోజు ఒక పేజీ చదివేదాన్ని. ఆయన మంద నా కంటే వేగంగా పోయేది.

నలభై ఒకటో పేజీలో ఆగిపోయాను. "నల్లది రాలే. నూట పదకొండు."

అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ ఆయన వెతుకుతున్నాడు. "వాగు అవుతల చూసిన. లేదు." "కందిచేనుల చూసిన. లేదు. చేనోడు తిట్టిండు." "రాత్రి అరుపు ఇనిపించింది. నక్క." నేను దుకాణం మరిచిపోయాను. కాంటాలో కాగితాల కట్ట పెట్టి, తూకం రాళ్ళు వేయకుండా, "నల్లది ఏడ వోయింది" అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న మందలో ఒక గొర్రె తప్పిపోయింది. ఆ మధ్యాహ్నం మందకు కాపలా నేనే. గట్టు నీడన నిద్రపోయాను. సాయంత్రం నాన్న లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, కర్ర తీసుకుని వెళ్ళాడు. మూడు రోజులు తిరిగి ఒక్కడే వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ నిద్రపోయానని చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. ఇంత వయసొచ్చాక ఎవరిదో గొర్రె కోసం ఇంత తండ్లాట ఎందుకని కోడలు అడిగినప్పుడు కూడా ఆమెకు ఇది చెప్పలేదు. "ఊకెనే" అన్నాను.

"ఇటియ్యి అత్తమ్మా, గంటల చదివి చెప్త" అంది కోడలు.

"ముట్టకు. నేనే చదువుత."

"నువ్వు చదివేలోపు ఆ గొర్రెకు మనుమలు పుడ్తరు."

"పుట్టనియ్యి."

ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి కోడలు పుస్తకం ముందు కూర్చుని నవ్వుతోంది. "చివర్ల చూసిన. ఏమైందో నాకు తెల్సు" అంది. "చెప్పినవంటే ఇంట్ల అన్నం ముట్ట" అన్నాను. ఆ రోజు నుంచి నేను ఏమన్నా గట్టిగా అంటే చాలు, "నల్లది ఏమైందంటే" అని మొదలుపెట్టేది. చెవులు మూసుకుని వంటింట్లోంచి బయటికి పరుగెత్తేదాన్ని. ఒక అత్తను కోడలు ఇంత చవకగా లొంగదీసిన ఇల్లు తాండూరులో ఇంకోటి ఉండదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. ఎక్కడిదాకా చదివానో గుర్తు పెట్టుకోవాలి కదా. మా దగ్గర కొత్త ఖాతా పుస్తకం తెరిస్తే బొట్టు పెడతారు. పుస్తకానికి బొట్టు పెట్టడం మంచిదే అని నా లెక్క. ప్రతి రోజూ చదవడం ఆపిన చోట, చివరి మాట పక్కన ఒక కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. పొడి రాలిపోతోందని కొబ్బరినూనెలో కలిపి పెట్టాను, గట్టిగా పట్టుకుంది. మర్నాడు బొట్టు తర్వాతి మాట నుంచి మొదలు. పద్ధతి చాలా బాగా కుదిరింది. రాసినాయన మాత్రం అక్కడక్కడా మాటలు మింగేసేవాడు. "ఎడమ కాలికి" అని రాసి, ఏమైందో చెప్పకుండా నీళ్ళ సంగతికి పోయేవాడు. పాపం, ఆలస్యంగా నేర్చుకున్నవాడు కదా, నాలాగే మాటలు మింగుతాడు అని మన్నించేదాన్ని.

యాభయ్యో పేజీ పూర్తయిన రోజు నా జన్మలో యాభై పేజీలు చదివాను గదా అని పొంగిపోయాను. ఆ పేజీ కింది మూలలో ఏదో చిన్నగా గీకి ఉంది. ఆయన మూలల్లో కలం గీకి సిరా చూసుకోవడం నాకు అలవాటైపోయింది, పట్టించుకోలేదు. యాభై అని అక్కడ పెద్ద బొట్టు పెట్టాను, రూపాయి బిళ్ళంత.

ఆ తర్వాతి పేజీ నుంచి ఆయన వెతకడం మానేశాడు. నల్లదాని మాటే లేదు. నాకు కోపం వచ్చింది. పది రోజులకే వదిలేస్తాడా? మా నాన్న మూడు రోజులకే వచ్చాడన్నది అప్పుడు గుర్తు రాలేదు.

హైదరాబాద్ సారు వచ్చింది అప్పుడే. తెల్లచొక్కా సారు, ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. నా ఒళ్ళో ఉన్న పుస్తకం చూపించమన్నాడు. ఒక్క నిమిషం చూసి కింద పెట్టేశాడు. పైన పాత పంచాంగం ఒకటి కప్పాడు. నాకు అర్థమైంది.

ఆ పూట ఆయన పెద్దగా విప్పి చూడలేదు, నేనింకా చదవని పేజీలు నాలుగు తిప్పాడంతే. ధర చెప్పి కొంటానన్నాడు. "చదువుతున్న సారూ, అయినంక ఇస్త" అన్నాను. నవ్వి, రెండు వారాల్లో వస్తానని వెళ్ళాడు. రెండు వారాల్లో నేను ఎనిమిది పేజీలు చదివాను. ఫోన్ చేస్తే గోదాములో ఎలుక చచ్చింది, వాసన తగ్గాక రమ్మన్నాను. మళ్ళీ చేస్తే తాళంచెవి పోయిందన్నాను. మూడోసారి చేయలేదు, వచ్చేశాడు.

ఈసారి తీరిగ్గా కూర్చుని ఒక్కో పేజీ తిప్పాడు. మొదటి బొట్టు దగ్గర కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పదో బొట్టు దగ్గర అద్దాలు తీసేశాడు. రూపాయి బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి లేచి, పక్కన పేపర్ల కట్ట మీద కూలబడ్డాడు.

"ఇవన్నీ ఎవరు పెట్టారమ్మా?"

"నేనే సారూ. యాద్మరువకుండ."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మంచినీళ్ళు అడిగాడు. తాగి, ధర తగ్గించి చెప్పాడు. తగ్గించినా మంచి ధరే. బొట్లను ఏదో మందుతో కడిగిస్తానన్నాడు.

"తర్వాత ఏం చేస్తరు సారూ దీన్ని?"

"కుట్టు విప్పి, మంచి పేజీలు విడదీసి, ఫ్రేములు కట్టించి ఇస్తాను. హైదరాబాద్‌లో కొత్త ఇళ్ళలో గోడలకు ఇష్టపడతారు. ఒక్కో పేజీ ఒక్కో ఇంటికి పోతుంది."

నేను అప్పటికి అరవై ఎనిమిదో పేజీలో ఉన్నాను. ఇంకా ముప్పై పైన పేజీలు ఉన్నాయి. నల్లది ఆ ముప్పైలో ఎక్కడుందో, ఆ పేజీ ఎవరి సోఫా మీద వేలాడుతుందో. నేను తాండూరు నుంచి పోయి, ఇంటింటి బెల్లు కొట్టి, "జర మీ గోడ చూస్త బిడ్డా, మా గొర్రె ఉన్నదేమో" అని అడుగుతూ తిరగాలి.

"ఇయ్య సారూ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. పుస్తకం వెనక అట్ట విప్పి, సన్నటి రంధ్రాలు చూపించాడు. "పురుగు పట్టింది. మీ దుకాణంలో ఈ దుమ్ములో, ఈ రేకుల కింద తడిలో ఉంటే ఇంకో రెండు వానాకాలాలు ఆగదు. మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

రంధ్రాలు వెనక నుంచి ముందుకు వస్తున్నాయి. పురుగు చివరి పేజీ నుంచి చదువుకుంటూ వస్తోంది, నా కంటే వేగంగా. అది గొర్రె దగ్గరికి నా కంటే ముందు చేరుతుందని భయం పట్టుకుంది. అమ్మితే పేజీలు చెదిరిపోతాయి, ఉంచుకుంటే పురుగు తినేస్తుంది. కోడలే అంది, "వికారాబాద్ల లైబ్రరీ ఉన్నది గద అత్తమ్మా. ఆడ పురుగుకు మందు పెడ్తరు, నీకు కుర్సీ ఏస్తరు."

దానం వెనక ఉన్న ఆలోచన ఇంతే.

మర్నాడు బస్సెక్కి పోయాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు, కాబట్టి త్యాగంలో నాకు ఛార్జీ ఖర్చు కూడా లేదు. లైబ్రరీ మేడమ్ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. ఇరవై ఏళ్ళలో నా దగ్గర ఒక్కరు కూడా పుస్తకాన్ని అట్లా అందుకోలేదు. ఒక ఫారం తీసింది.

"ఇచ్చిన కారణం అని ఉందమ్మా. ఏం రాయమంటారు?"

"మీరే ఏదన్న రాయుండ్రి మేడమ్."

"పరిశోధకుల ఉపయోగార్థం" అని రాసుకుంది. చాలా గౌరవంగా ఉంది. తర్వాత నేను అసలు మాట అడిగాను.

"వచ్చి చదువుకోవచ్చా?"

"ఎవరైనా చదువుకోవచ్చమ్మా."

"ఎవరైనా కాదు మేడమ్. నేను."

మందు పెట్టి ఒక నెల పక్కన ఉంచాలంది, ఆ తర్వాత గురువారం గురువారం రమ్మంది. చేతులు కడుక్కోవాలి. కలం తేవొద్దు. మొదటి గురువారం నేను అలవాటు కొద్దీ కుంకుమ డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. మేడమ్ దాన్ని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. పోయేటప్పుడు ఇచ్చింది. గుర్తు కోసం సన్నటి తెల్ల కాగితం ముక్క ఇచ్చింది. చదివిన చోట అది పెడితే సరిపోతుందట. పాత కాగితాల మధ్యనే ముసలిదాన్ని అయ్యాను, ఒక కాగితం ముక్క పెట్టాలని నాకు తోచలేదు.

శాలువా కప్పిన సభ ఆ తర్వాత మూడు నెలలకు. అప్పటికి ఎనభై తొమ్మిదో పేజీలో ఉన్నాను. నల్లది రాలేదు.

ఎండలు తగ్గి వానలు మొదలయ్యాక ఒక గురువారం చివరి పేజీకి చేరాను. పురుగు తిన్నది పోగా మిగిలింది ఇది: "వాన పడ్డది. నూట ముప్పై. ఇగ ఇంటికి." అంతే. నల్లదాని మాట లేదు. వెనక్కి తిప్పాను, అట్ట లోపల చూశాను. లేదు.

"మర్సిపోయిండు, ఏం మనిషిరా నువ్వు" అన్నాను. పైకే అన్నాను. పక్కన పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయిలు తలెత్తారు. మేడమ్ లేచి వచ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు. సిగ్గుగా ఉంది, ఆపుకోలేకపోయాను. అప్పుడు మొదటిసారి నోరు విప్పి చెప్పాను. గొర్రె సంగతి, అది తెలుసుకోవడానికే ఇచ్చానన్న సంగతి. పరిశోధకుల ఉపయోగార్థం కాదని కూడా చెప్పేశాను.

మేడమ్ నవ్వలేదు. ఆలోచించి, కంప్యూటర్ దగ్గరికి రమ్మంది. పుస్తకాన్ని పేజీ పేజీ ఫోటోలు తీసి పెట్టారట. "మీ బొట్ల కింద రాత ఉందేమోనని నాకు అనుమానం. ఎరుపు రంగు తీసేసి చూద్దాం" అంది. ఒక బొట్టున్న పేజీ తెరిచింది. ఏదో నొక్కింది. బొట్టు వెలిసిపోయి సిరా మిగిలింది. "ఎడమ కాలికి" పక్కన "దెబ్బ" అని ఉంది. ఇంకోటి నొక్కింది. "చెలిమె." ఇంకోటి. "అక్క ఇంట్ల."

ఆయన ఒక్క మాట కూడా మింగలేదు. నేనే రోజుకొకటి తిన్నాను.

యాభయ్యో పేజీ తెరిచింది. రూపాయి బిళ్ళ వెలిసిపోయింది. కింది మూలలో, చోటు చాలక ఇరికించిన చిన్న అక్షరాలు. మేడమ్ చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నేనే కూడబలుక్కున్నాను.

"నల్లది వచ్చింది. కాలికి ముల్లు."

మళ్ళీ ఒకసారి చదివాను. తర్వాత నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. యాభై ఒకటో పేజీలో మందలో ఒకటి పెరిగింది, నూట పన్నెండు. ఏదో ఈనిందనుకున్నాను. గొర్రెల ఇంట్లో పుట్టినదాన్ని, ఈనిన రోజు తల్లి మాట రాయకుండా కాపరి ఎవడూ ఉండడని నాకు తెలియదా? దాని తర్వాత "ముల్లు తీసిన కాలు వాపు తగ్గింది" అని ఉంది. అది ఆయన కాలే అనుకుని, "తగ్గకపోతే మంచిగుండు, గొర్రెను ఇడ్సిపెట్టినోడికి గంతే కావాలె" అన్నాను కూడా. సగం పుస్తకం ఆ మనిషిని తిడుతూ చదివాను. ఆయన పక్కన నల్లది నడుస్తూనే ఉంది, కుంటుకుంటూ.

ఇంటికి పోయి కోడలికి చెప్పాను. ఆమె నవ్వి నవ్వి గోడకు ఒరిగింది.

"మరి నీకు ముందే తెల్సు గద. చివర్ల చూసినంటివి."

"నాకేం తెల్వదు అత్తమ్మా. వాన పడ్డదని ఉండె, గంతే. ఊకెనే అన్న."

"మరి ఇన్ని నెలలు నన్ను బెదిరిస్తివి గద."

"బెదిరిస్తెనే గద చదివినవు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమెకు నాన్న సంగతి, గట్టు నీడ సంగతి చెప్పాను. ఆమె నవ్వడం మానేసింది. నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. పప్పులో ఉప్పు ఎక్కువే అయింది, నేను ఏమీ అనలేదు.

తర్వాతి గురువారం మేడమ్ బొట్ల కింది మాటలన్నీ ఒక కాగితం మీద వరసగా అచ్చు తీసి ఇచ్చింది. నేను మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. బొట్టు వచ్చిన చోటల్లా ఆ కాగితం చూసుకుంటాను. ఈసారి ఆయన తడబడకుండా మాట్లాడుతున్నాడు.

"బొట్లు తీయించమంటారా? తీసేవాళ్ళున్నారు, కానీ కాగితానికి కొంచెం దెబ్బే" అంది మేడమ్.

"ఉండనియ్యుండ్రి. కాని యాభయ్యో పేజీల ఒక చీటీ పెట్టుండ్రి మేడమ్. లేకుంటె నా ఎన్క వచ్చేటోళ్ళు గూడ నాలెక్కనే ఎతుకుతరు."

చీటీ నన్నే రాయమంది. కలం తేవొద్దన్న చోట తన పెన్సిల్ ఇచ్చింది. రెండు ముక్కలు రాయడానికి నాకు పావుగంట పట్టింది. అక్షరాలు ఒకటి లావు, ఒకటి సన్నం. మేడమ్ దిద్దలేదు. యాభయ్యో పేజీలో అది ఇప్పటికీ ఉంది: "నల్లది వచ్చింది. బొట్టు కింద ఉన్నది."